అందరికీ అర్థమైంది, ఒకరికి తప్ప

జూలై 7, సోమవారం

రేపటి నుంచి పరీక్షలు. నాకు కాదు, నా భాషకు.

దాని పేరు "తీరు". ఇన్నేళ్లుగా ఈ క్యాంపస్‌లో నేను చేసిన పని అదొక్కటే. చుట్టాలు అడిగితే "కంప్యూటర్‌కు పని చెప్పే భాష తయారు చేస్తున్నా" అంటాను. "మంచిగున్నది" అని వాళ్లు వేరే మాటలోకి పోతారు. పోనీ. ఇప్పుడున్న భాషలన్నీ మనిషినే కంప్యూటర్‌లా ఆలోచించమంటాయి. ఒక్కొక్కరినీ పిలువు, షరతు అడుగు, ఆ తర్వాత పని చెప్పు. పెళ్లిలో వడ్డించేవాడికి మనం అలా చెబుతామా? "అందరికీ స్వీటు వెయ్యి, షుగరున్నోళ్లకు తప్ప" అంటాం. ముందు మామూలు సంగతి, వెనక "తప్ప". తీరులో అచ్చం అలాగే రాయొచ్చు. మనిషి బుర్ర ఏ దారిన నడుస్తుందో భాష కూడా ఆ దారినే నడుస్తుంది. నా థీసిస్ మొత్తం ఈ ఒక్క ముక్క మీద నిలబడి ఉంది. ఆగస్టు నెలాఖరుకు ఇవ్వకపోతే ఇక పొడిగింపు లేదన్నారు.

బాలలక్ష్మి మేడం తన డిగ్రీ కాలేజీ నుంచి మొదటి సంవత్సరం పిల్లల్ని పంపుతానన్నారు. ఇంతవరకు ఒక్క ప్రోగ్రాం కూడా రాయనివాళ్లు కావాలి నాకు. ఒక్కొక్కరే వచ్చి ల్యాబ్‌లో కూర్చుంటారు. తీరులో రాసిన చిన్న ప్రోగ్రాంను కాగితం మీద చదివి, అలాంటి నాలుగు ముక్కలు స్క్రీన్ మీద తామే రాస్తారు. మనసులో అనుకునేదంతా పైకి అంటూ ఉండాలి. నేను ఫోన్‌లో రికార్డు చేస్తాను.

మా ఆవిడ పూర్ణిమ అన్నం పెడుతూ అడిగింది. "పిల్లలకు అర్థమైందో లేదో నీకెట్ల తెలుస్తది?"

"అడుగుతా."

"అడిగితే ఐందనే అంటరు. మా వార్డుల గూడ గంతే. మందులు ఎట్ల ఏసుకోవాల్నో చెప్పి అర్థమైందా అంటే అందరు ఐందమ్మా అంటరు. ఇంటికి పోయి రాత్రి గోలి పొద్దుగాల ఏసుకుంటరు. గందుకే మేం అట్ల అడుగం. నేనేం జెప్పిన్నో నువ్వు జెప్పు అంటం."

నర్సు పని వేరు, రీసెర్చ్ వేరు అన్నాను. తను నవ్వి చారు వేసింది.

జూలై 8, మంగళవారం

వచ్చినవాళ్లందరూ చేశారు. అందరూ!

ప్రోగ్రాం హాస్టల్ సీట్ల గురించి. పిల్లలకు తెలిసిన సంగతి కావాలని నేనే రాశాను. ఎవరికి సీటు వస్తుందో చూసుకోవడానికి పక్కన కొన్ని పేర్లు, వాళ్ల వివరాలు ఇచ్చాను. "అందరికీ సీటు ఇవ్వు. సిటీలో ఇల్లున్నవాళ్లకు తప్ప. అందులో తల్లిదండ్రులు లేనివాళ్లకు ఇవ్వు. హాజరు తక్కువున్నవాళ్లకు తప్ప." అంతే. మా అమ్మమ్మకు చదివి వినిపించినా తలూపుతుంది. కంప్యూటర్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతుంది, కిందిమాట పైమాటను కొట్టేస్తుంది. ఇంట్లో జరిగేది కూడా అదే కదా, ఆఖరున ఎవరు మాట్లాడితే వాళ్లదే మాట.

ఒక్కొక్కరినీ అడిగాను, అర్థమైందా అని. "ఐంది సార్." ఒకబ్బాయి అయితే "మస్తు ఈజీగున్నది సార్" అన్నాడు. ఆ మాట థీసిస్‌లో అలాగే పెడతాను.

జూలై 9, బుధవారం

ఈరోజు కూడా అందరూ. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఇన్నాళ్లూ ల్యాబ్‌లో ఎగతాళి చేశారు. ఈ కుందేలుకు నిజంగానే మూడు కాళ్లు, వచ్చి లెక్కపెట్టుకోండి.

జూలై 10, గురువారం

ఒకమ్మాయికి అర్థం కాలేదు.

పేరు ప్రవళిక. మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చిందట, చెప్పుల నిండా బురద. మధ్యలో నా గైడు కరుణాకర్ సార్ ఫోన్ చేసి అర్జెంటుగా రమ్మన్నారు. ఛాప్టర్లు ఏవని అటెండరు ఎదుటే నన్ను కడిగి పారేశారు. నేను తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి ఒక్క ముక్క రాయలేదు. స్క్రీన్ తెల్లగా ఉంది. ఏమ్మా అంటే అర్థం కాలేదంది. ఏదో సలహా చెప్పి పంపించాను.

జూలై 11, శుక్రవారం

ఆ అమ్మాయిని లెక్కలోంచి తీసేశాను. కారణం దగ్గర "సెషన్ మధ్యలో అంతరాయం" అని రాశాను. అబద్ధమేమీ కాదు, మధ్యలో నేను లేచి వెళ్లాను కదా.

సలహా అంటే పెద్దగా ఏమీ లేదు. ఈ సబ్జెక్టు నీకు కష్టమవుతుందేమో చూసుకో అన్నాను. పెద్దవాడిగా చెప్పాల్సిన మాటే.

జూలై 13, ఆదివారం

చర్చికి వెళ్లాం. పాస్టరుగారు ఏం చెప్పారో గుర్తు లేదు. బయటికి వచ్చాక "వాక్యం ఎట్లున్నది?" అని పూర్ణిమ అడిగితే "మంచిగ చెప్పిండు" అన్నాను.

జూలై 16, బుధవారం

తార్నాకలో కూరగాయల దగ్గర బాలలక్ష్మి మేడం కనిపించారు. వంకాయలు ఏరుతూనే అడిగారు.

"ఏం జరిగింది దయాకర్ నీ ల్యాబుల? ప్రవళిక గ్రూపు మార్చుకుంటా అని దరఖాస్తు వెట్టింది. కంప్యూటర్స్ వద్దంట, బి.ఏ.ల ఏస్కోమన్నది. ఇంట్ల కొట్లాడి తీసుకున్న పిల్ల గది."

"నేనేమీ అనలేదు మేడం."

"నిన్ను అన్ననా? అడుగుతున్న. జూలై ముప్పై ఒకటి దాంక టైమున్నది, మనసు మార్చుకుంటే మళ్ల ఇటు రావచ్చు. తర్వాత ఐతే నా చేతుల ఉండది."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా పని. మేడం వంకాయల వైపే చూస్తున్నారు, నయం.

ఇంటికి వచ్చి ఆలోచించాను. "కష్టమవుతుందేమో" అనలేదు నేను. "నీకు ఈ సబ్జెక్టు పడదు" అన్నాను. తేడా ఉంది, ఒప్పుకుంటాను. కాని ఆ రోజు సార్ దగ్గర అన్ని మాటలు పడి వచ్చాను. నా మనసు నా చేతిలో లేదు.

జూలై 21, సోమవారం

కరుణాకర్ సార్ ఐదో ఛాప్టర్ చిత్తుప్రతి తిరగేసి సంతోషించారు. ఈ మనిషి సంతోషించడం ఆరేళ్లలో ఇదే మొదలు. "రిజల్ట్స్ బాగున్నయి. రికార్డింగ్‌లన్నీ మాట మాటకు రాసి వెనుక జతచేయి. ఎగ్జామినర్లు అడుగుతారు" అన్నారు.

ఇంతవరకు వాటిని నేను వినలేదు. వినాల్సిన అవసరం రాలేదు, అందరూ పాసయ్యారు కదా.

జూలై 22, మంగళవారం

విన్నాను.

ముందు పాసైన పిల్లలవి పెట్టుకున్నాను. "మస్తు ఈజీగున్నది సార్" అన్న అబ్బాయిది మొదట. ఇలా ఉంది.

"తర్వాత ఏం రాస్తావు?" నా గొంతు.

చాలాసేపు ఏమీ లేదు. ఫ్యాను చప్పుడు.

"సిటీలో ఉన్నవాళ్లకు…" మళ్లీ నేనే. "త…"

"తప్ప సార్."

"వెరీ గుడ్. ఇప్పుడు కింద ఏం రావాలి? తల్లిదండ్రులు లేనివాళ్లకు ఇ…"

"ఇవ్వు సార్."

"చూశావా, ఎంత సులువుగా ఉందో? అర్థమైందా?"

"ఐంది సార్."

రెండోది విన్నాను. అదే. మూడోది, ఆ తర్వాతిది. అదే, అదే. పిల్లలు ఆగిన ప్రతిచోటా నా గొంతు ఉంది. నోట్లో ముద్ద పెట్టి, గడ్డం పట్టుకుని నమిలించినట్టు ఒక్కొక్క మాటా అందించాను. చేస్తున్నప్పుడు ఆ సంగతి నాకు తెలియనే తెలియదు, ఒట్టు. సాయం చేస్తున్నానని కూడా అనిపించలేదు, ముచ్చటగా ఉందనిపించింది. పరీక్ష రాసింది నేను, దిద్దింది నేను, పాసైంది కూడా నేనే. పిల్లలు పాపం సార్ ముఖం చూసి, సార్‌కు ఏ మాట వింటే సంతోషమో ఆ మాట అన్నారు. మన బళ్లలో నేర్పేదే అది. సార్ "అర్థమైందా" అంటే అది ప్రశ్న కాదు, పీరియడ్ అయిపోయిందని అర్థం. నేను కూడా కరుణాకర్ సార్ గదిలో ఆరేళ్లుగా ఆ ఒక్క జవాబే ఇస్తున్నాను.

ఆఖరున ప్రవళికది పెట్టాను. నేను లేచి వెళ్లిన రికార్డింగ్ అదొక్కటే.

మొదట్లో నేనున్నాను. కంప్యూటర్స్ ఎందుకు తీసుకున్నావమ్మా అని అడిగాను. "స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు ఎక్కిస్తే రాలే సార్. ఎందుకు రాలే అని కౌంటర్‌ల అడిగితే, సిస్టం తీసుకుంటలేదు అన్నరు. ఎందుకు తీసుకుంటలేదు అంటే, ఎందుకో అది చెప్పదు అన్నరు. ఆ సిస్టం అంటే ఏందో చూద్దామని తీసుకున్న." నేను నవ్వాను. రికార్డింగ్‌లో వినిపిస్తోంది, బాగానే నవ్వాను. అప్పుడు ఫోను మోగింది. మాట్లాడుతూనే ఉండమ్మా, వస్తా అన్నాను. తలుపు చప్పుడు.

తర్వాతిది మొత్తం ఇక్కడ రాసుకుంటాను.

"సార్ పోయిండు. మాట్లాడుకుంటనే ఉండుమన్నడు. సరే. అందరికీ సీటు ఇవ్వు. మంచిది, లిస్టుల మొదలున్న గీ అమ్మాయికి వచ్చింది. సిటీల ఇల్లున్నోళ్లకు తప్ప. గీమెది సిటీనే. పాయె. అండ్ల తల్లిదండ్రులు లేనోళ్లకు ఇవ్వు. గీమెకు లేరు. మళ్ల వచ్చింది. హాజరు తక్కువున్నోళ్లకు తప్ప. మళ్ల పాయె. వచ్చె, పాయె, వచ్చె, పాయె. ఆఖరు లైను దాంక గీ పిల్ల పెట్టె సదురుకోవాల్నా వద్దా?"

నవ్వింది. తనలో తనే.

"గిది రాసెటోళ్లకు మంచిగున్నది. గిండ్ల పేరున్నోళ్లకు గాదు. ముంగట అందరికీ అని రాస్తరు. మా అసొంటోళ్ల సంగతి ఎప్పుడు కిందనే ఉంటది."

కుర్చీ జరిగిన చప్పుడు. 

"కింద నుంచి చదివితే? గీ రెండో పేరుకు చూద్దాం. హాజరు తక్కువనా? కాదు. పైకి పో. తల్లిదండ్రులు లేరా? ఉన్నరు. పైకి పో. సిటీనా? సిటీనే. ఐపాయె, సీటు లేదు. ఇంక పైకి పోనే అక్కెరలేదు. ఫస్ట్ ఏది తగిలితే గదే ఫైనల్. మంచిగున్నది గిది."

నేనిచ్చిన పేర్లన్నీ ఒక్కొక్కటే అలా కింది నుంచి పైకి చూసుకుంటూ పోయింది. అన్నీ సరిగ్గా చెప్పింది. ఒక్కటి తప్పు లేదు.

"మనిషి పేరు మీద ఒత్తితే, ఏ లైను తగిలి సీటు పోయిందో చూపెట్టాలె. గప్పుడు ఎవ్వల్ని అడిగే పని ఉండది."

తలుపు చప్పుడు. నా చెప్పుల చప్పుడు.

"ఏంటి, ఏమీ రాయలేదా?"

"నాకొకటి అర్థం కాలే సార్, గిది కిందికెల్లి చదివితే సులువైతది గద, మరి పైకెల్లి ఎందుకు…"

అక్కడ ఆ అమ్మాయి మాటకు నేను అడ్డం పడ్డాను. నేనన్నది కూడా రాస్తాను. 

"ఇంతకంటే సులువుగా ఎవ్వరూ చెయ్యలేరమ్మా. ఇది కూడా అర్థం కాకపోతే నీ బుర్రకు కంప్యూటర్ ఎక్కదు. గడువు లోపల గ్రూపు మార్చుకో. ఇంకొకరికి సీటన్నా దొరుకుతది."

"సరే సార్."

ఇదీ నా సలహా. పదో తేదీన సలహా అని రాశాను, పదహారున ఇంకోరకంగా రాశాను. పైనే ఉన్నాయి, కొట్టెయ్యను. ఆడలేక మద్దెల ఓడన్నదని సామెత. నేను అంతకంటే ఘనుడిని. ఓడు మద్దెల నేనే చేసి, అది వాయించబోయిన పిల్లకు చేతులు రావన్నాను.

సిగ్గుగా ఉంది. ఒంటి మీద చొక్కా లేకుండా క్లాసులో నిలబడ్డట్టుంది.

జూలై 23, బుధవారం

బాలలక్ష్మి మేడంకు ఫోన్ చెయ్యాలి. గడువు ఇంకా ఉంది.

జూలై 24, గురువారం

వాన. తార్నాక సిగ్నల్ దగ్గర మోకాళ్ల దాకా నీళ్లు. కాలేజీకి వెళ్లలేదు.

జూలై 25, శుక్రవారం

మేడం సెలవులో ఉన్నారనుకుంటా.

జూలై 26, శనివారం

పేరు మీద నొక్కితే ఏ లైను తగిలిందో చూపించేది తీరులో పెట్టి చూశాను. ఊరికే, పని చేస్తుందో లేదోనని. చేసింది. ఎంత బాగా చేసిందంటే, ఒక గంట అన్నీ మరిచిపోయి కూర్చున్నాను.

జూలై 28, సోమవారం

కరుణాకర్ సార్‌కు చూపించాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు. తన పేరే పెట్టి నొక్కి చూశారు, ఇంకోసారి నొక్కారు.

"ఇది థీసిస్‌కే ప్రాణం దయాకర్. ప్రోగ్రాం రాసేవాడి గురించే అందరూ ఆలోచిస్తారు, దాని కింద పడేవాడి గురించి ఎవరు ఆలోచిస్తారు? ఎట్లా తట్టింది నీకు?"

"ఆలోచిస్తుంటే తట్టింది సార్."

ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు కూడా మారలేదు.

జూలై 29, మంగళవారం

మేడంకు ఫోన్ ఎందుకు చెయ్యలేదో ఇక్కడన్నా నిజం రాసుకోవాలి. ఆ అమ్మాయి మంచిదని చెబితే ఆమె రికార్డింగ్ లెక్కలోకి రావాలి. అది వస్తే మిగతావి కూడా వింటారు. వింటే నా గొంతు వినిపిస్తుంది. అప్పుడు థీసిస్ లేదు. ఇంత సులువైన లెక్క. వాన కాదు, మేడం సెలవూ కాదు.

జూలై 30, బుధవారం

పూర్ణిమ డ్యూటీ నుంచి వచ్చి నా ముఖం చూసి పక్కన కూర్చుంది. చెప్పేశాను. అంతా కాదు, నేనన్న మాట వరకు చెప్పాను. "ఆలోచిస్తుంటే తట్టింది సార్" సంగతి చెప్పలేదు.

"రేపే గద ఆఖరు?" అంది.

"ఆఁ."

"మరి పొద్దుగాలనే పో."

"పోతా."

జూలై 31, గురువారం

ఐదో ఛాప్టర్ పూర్తి చేశాను. బాగా వచ్చింది.

ఆగస్టు 1, శుక్రవారం

గడువు దాటింది. పొద్దున్నే కరుణాకర్ సార్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. పిల్లలకు నేను మాటలు అందించిన సంగతి, ఆ అమ్మాయిని తీసేసిన సంగతి, ఆ ఐడియా ఆమెదన్న సంగతి. చెబుతున్నంతసేపు నేను ధైర్యవంతుడినని అనిపించింది. బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే తెలిసింది, ధైర్యం నిన్న రావాల్సింది. ఆ అమ్మాయికి పనికొచ్చే రోజు గడిచిపోయాక వచ్చినదాన్ని ధైర్యం అనరు.

సార్ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కళ్లద్దాలు తుడుచుకుంటూ చెప్పారు.

"చూడు దయాకర్. ఒక్క అమ్మాయి. ఒక ఫుట్‌నోట్ పెట్టు. ఆ ఐడియాకు థాంక్స్‌లో ఆమె పేరు రాయి, సంతోషిస్తుంది. పిల్లలకు కొంచెం సాయం అందరూ చేస్తారు. ఇప్పుడు అన్నీ తిరగదోడితే ఇంకో ఏడాది కావాలి, అది నీకు ఇవ్వరు. నేను చెప్పేది అర్థమైందా?"

"ఐంది సార్."

అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఆగస్టు 3, ఆదివారం

చర్చికి పోలేదు. తలనొప్పి అన్నాను. పూర్ణిమ ఒక్కతే వెళ్లింది, గోలి బల్ల మీద పెట్టి.

ఆగస్టు 4, సోమవారం

సాయంత్రం కాలేజీ గేటు దగ్గర నిలబడ్డాను. ప్రవళిక ఇంకో అమ్మాయితో వచ్చింది. నన్ను చూసి ఆగి "నమస్తే సార్" అంది. రెండో అమ్మాయి చాయ్ బండి దగ్గరికి పోయి నిలబడింది.

నేను మాట్లాడాను. ఆరు రోజులుగా మనసులో దిద్దుకున్న మాటలు, ఎక్కడా తడబడలేదు. నీ రికార్డింగ్ విన్నానమ్మా అన్నాను. నీ తప్పేమీ లేదు, నా భాషలోనే లోపం ఉంది, అది నువ్వొక్కదానివే పట్టుకున్నావు అన్నాను. అట్లా అని ఉండకూడదు, ఆ రోజు నాకూ చాలా జరిగింది అన్నాను. నిద్ర పట్టడం లేదన్నాను. అన్నం సయించడం లేదన్నాను. నీ ఐడియాను నాదని చెప్పుకున్నాను, ఆ సంగతి మా సార్ దగ్గర ఒప్పుకున్నాను, అది ఎంత కష్టమైందో నీకు తెలియదు అన్నాను. నా కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. ఆ అమ్మాయి బ్యాగు పట్టీ పట్టుకుని తల వంచుకుని అంతా విన్నది.

ఆగాను. ఆగిన తర్వాత ఏమనాలో తోచక, "అర్థమైందా అమ్మా?" అన్నాను.

"ఐంది సార్."

ఆ రోజు ల్యాబ్‌లో నా ముఖం మీద అర్థం కాలేదని చెప్పిన పిల్ల ఈ ఒక్కతే. ఇప్పుడు ఈమె కూడా "ఐంది" అంటోంది. నేర్పింది నేనే. అప్పుడు పూర్ణిమ మాట గుర్తొచ్చింది.

"ఏం అర్థమైందో నువ్వు చెప్పమ్మా."

తలెత్తి చూసింది. చెప్పాలా వద్దా అని ఆలోచించింది, అది కనిపించింది.

"మీకు మనసుల మంచిగ లేదని అర్థమైంది సార్. నిద్ర పడ్తలేదు, అన్నం తింటలేరు." ఆగింది. "నా గ్రూపు సంగతి మీరేం చెప్పలే."

 అంతసేపు మాట్లాడాను, మొత్తం నా గురించే. దానికి ఆ అమ్మాయిని రోడ్డు మీద నిలబెట్టి వినిపించాను.

"పేరు మీద ఒత్తేది పెట్టిన్రా సార్ నిజంగ?" అని తనే అడిగింది, నన్ను గట్టెక్కించడానికి కాబోలు.

"పెట్టాను."

"పని చేస్తున్నదా?"

"చేస్తున్నది."

నవ్వు వచ్చింది ఆ ముఖంలో, ఆపుకుంది. "నేను అనుకున్న, చేస్తదని." చాయ్ బండి దగ్గరి అమ్మాయి పిలిస్తే వెళ్తానని చెప్పి నడిచింది. మాణికేశ్వర్ నగర్ వైపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చి ఐదో ఛాప్టర్ తీసేశాను. సార్‌కు మెయిల్ రాశాను, ఈ ఫలితాలు చెల్లవు, మళ్లీ చేస్తాను అని. ఏడాది ఇవ్వకపోతే ఇవ్వకపోనీ. పూర్ణిమకు మిగిలిన సగం కూడా చెప్పాను. తను పళ్లెం తీసి పెట్టింది. తర్వాత "రేపు కాలేజీ ఆఫీసుకు నువ్వు పోతవా, నేను గూడ రావాల్నా?" అంది. నేనే పోతానన్నాను.

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున్నే వెళ్లాను. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఉండగానే బాలలక్ష్మి మేడంకు చెప్పాను, ఆ పిల్లకు బుర్ర లేదన్నది నేను, లేనిది నాకు అని. ఎవరో దగ్గారు. మేడం పుస్తకం మూసి లేచారు. క్లాసులోంచి ప్రవళికను పిలిపించారు. ప్రిన్సిపాల్ సంతకం తనే తీసుకున్నారు. ముగ్గురం ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్లాం.

లోపల గుమాస్తా రాంచందర్. నాకు ముఖపరిచయం ఉంది. మంచి మనిషి. సంతకం చూసి వెంటనే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. హాల్‌టికెట్ నంబరు కొట్టాడు, కంప్యూటర్స్ అని ఎంచాడు, నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"సిస్టం తీసుకుంటలేదు సార్."

"ఎందుకు?" అన్నాను.

"ఎందుకో అది చెప్పదు సార్. లాస్ట్ డేట్ అయిపోయినందుకు కావచ్చు, సీట్లు నిండినందుకు కావచ్చు. రేపొకసారి చూస్తా."

మేడం ప్రిన్సిపాల్ గదికి మళ్లీ వెళ్లారు. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. ప్రవళికకు ముఖం చూపించలేక నేల వైపు చూస్తున్నాను. ఏడుస్తోందేమో అనుకుని తలెత్తాను.

ఏడవడం లేదు. ఊచలకు ముఖం ఆనించి, రాంచందర్ భుజం మీదుగా ఆ స్క్రీన్ మీది గ్రూపు మార్పు నిబంధనలు చదువుతోంది. పెదాలు కదులుతున్నాయి. కింది నుంచి పైకి.